మళ్లీ అదే ఫోన్ ఎందుకు కొంటారు? ఉప్పుగాలి దీవుల్లో బ్రాండ్ అభిమానం

పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవులో కాసేపు నిలబడితే శ్రీకాకుళం, విజయనగరం యాస చెవిన పడుతుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, కూలి పనులకు, వ్యాపారాలకు తరలివెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3.8 లక్షలు. అందులో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవారే. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీవిజయపురంగా మారింది గానీ, జనం నోట ఇప్పటికీ పాత పేరే ఎక్కువ.

ఈ దీవుల్లో ఫోన్ చేసే పనులు చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) చేపలు ఎక్కువగా దొరికే ప్రాంతాల సూచనలు ఇస్తుంది. సునామీ హెచ్చరికలు వెలువడేదీ అక్కడి నుంచే. 2004 డిసెంబరు 26ను చూసిన దీవుల్లో ఆ హెచ్చరిక చేతిలోని ఫోన్‌కు చేరడం, చేరకపోవడం చిన్న విషయం కాదు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు డబ్బు పంపాలన్నా, మనవడి ముఖం వీడియోలో చూపించాలన్నా ఫోనే దిక్కు. అలాంటి ఫోన్ పాడైపోయి దుకాణానికి వెళ్లిన మనిషి పాత కంపెనీ ఫోనే మళ్లీ అడిగితే, కంపెనీ లెక్కల్లో అతను ‘విశ్వాసం గల వినియోగదారు’. మార్కెటింగ్ భాషలో దీన్ని బ్రాండ్ విధేయత అంటారు.

అయితే ఆ మనిషి నిజంగా ఆ ఫోన్‌తో సంతోషంగా ఉన్నాడా, లేక వేరే దారి లేక అదే తీసుకున్నాడా అన్నది అమ్మకాల పట్టికలో కనిపించదు. ఈ రెండింటినీ విడదీయడానికి శాస్త్రవేత్తలు అర్ధ శతాబ్దంగా తంటాలు పడుతున్నారు. చుట్టూ సముద్రం, దూరంగా సర్వీస్ సెంటర్లు, దుకాణంలో లెక్కపెట్టగలిగినన్ని మోడళ్లు ఉన్న దీవుల్లో ఆ చిక్కుముడి మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

సున్నా కదిలే ఉష్ణమాపకం

సంతృప్తి అంటే వస్తువు ఎంత బాగుందన్నది కాదు, అనుకున్నదానికన్నా ఎంత బాగుందన్నది. ఈ ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చింది అమెరికన్ పరిశోధకుడు రిచర్డ్ ఆలివర్. 1980లో ఆయన ప్రచురించిన పత్రం ప్రకారం, కొనేముందు మనసులో ఒక అంచనా ఉంటుంది. వాడాక వచ్చిన అనుభవాన్ని మనిషి ఆ అంచనాతో పోల్చుకుంటాడు. అంచనాను మించితే సంతృప్తి, తగ్గితే అసంతృప్తి. అందుకే పదివేల రూపాయల ఫోన్ ‘పర్వాలేదే, బాగానే ఉంది’ అనిపించుకుంటే, ఎనభైవేల ఫోన్ ‘ఇంత పోసి కొంటే ఇదా?’ అనిపించుకోవడం వింతేమీ కాదు. రెండో ఫోన్ అన్ని పరీక్షల్లో మొదటిదానికన్నా మెరుగైనదే అయినా సరే.

ఉష్ణమాపకంలో సున్నా ఎక్కడుందో అందరికీ తెలుసు. సంతృప్తి మాపకంలో సున్నా మనిషి మనిషికీ, ఊరు ఊరుకీ కదులుతుంది. అమెరికాలో 1994 నుంచి వెలువడుతున్న వినియోగదారు సంతృప్తి సూచీ ఈ ఇబ్బందిని కొంత దాటడానికి ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోకుండా మూడు అడుగుతుంది: మొత్తం మీద ఎంత తృప్తి, మీ అంచనాతో పోలిస్తే ఎలా ఉంది, మీరు ఊహించుకునే ఆదర్శ వస్తువుకు ఎంత దగ్గర. జవాబులను కలిపి 0 నుంచి 100 మధ్య ఒక అంకె చేస్తారు. ‘దీన్ని మీ స్నేహితులకు సిఫార్సు చేస్తారా?’ అని పది మార్కులకు అడిగే పద్ధతి 2003లో వచ్చి కంపెనీల్లో విపరీతంగా పాకింది. వాడటం తేలిక కాబట్టి పాకింది. కారణం మాత్రం అది చెప్పదు.

జపాన్‌కు చెందిన నొరియాకి కానో 1984లో మరో తేడా చూపించారు. కొన్ని లక్షణాలు ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం మండిపడతారు. కొన్ని ఉంటే మురిసిపోతారు, లేకపోయినా అడగరు. హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లొచ్చే ఉద్యోగికి ఫోన్ నీటిని తట్టుకోవడం ఒక అదనపు ముచ్చట. పడవ మీద వల లాగే మనిషికి అది ముచ్చట కాదు, కనీస అవసరం. ఒకే లక్షణం, ఒకే కంపెనీ, ఒకే మోడల్. మార్కులు మాత్రం రెండు రకాలు. దేశమంతటికీ కలిపి తీసిన సగటులో 3.8 లక్షల మంది అనుభవం ఎక్కడ కనిపిస్తుంది?

తప్పు ఫోన్‌దా, ఆకాశానిదా?

2020 ఆగస్టు 10న చెన్నై-అండమాన్ నికోబార్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవు, దాదాపు 1,224 కోట్ల రూపాయల ఖర్చు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు ఈ తీగ వెళ్తుంది. అంతకు ముందు దీవుల ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల మీదే ఆధారపడింది.

ఉపగ్రహం దారిలో ఇబ్బంది రెండు రకాలు. ఒకటి, పంచుకోవాల్సిన సామర్థ్యం తక్కువ. ఇది అందరికీ తెలిసిందే. రెండోది దూరం. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావాలంటే సుమారు 72,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో వెళ్లినా 0.24 సెకన్లు పడుతుంది. అవతలి నుంచి జవాబు రావాలంటే మరో 0.24. అంటే ఒక్క ప్రశ్న-జవాబుకే అర సెకను. సురక్షితమైన ఒక వెబ్ పేజీ తెరుచుకునే ముందు ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య ఇలాంటి రాకపోకలు మూడు నాలుగు జరగాలి. అక్షరం ఒక్కటీ కనిపించకముందే రెండు సెకన్లు గడిచిపోతాయి.

గాజు తీగలో కాంతి కొంచెం నెమ్మదిగా, సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. అయినా, కేబుల్ మొత్తం పొడవు 2,300 కిలోమీటర్లనూ సంకేతం ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగొచ్చినా పట్టేది 0.023 సెకన్లే. అవే నాలుగు రాకపోకలకు 0.1 సెకను కూడా పట్టదు.

ఇక్కడ గమనించాల్సింది, ఈ ఆలస్యానికీ ఫోన్ ధరకూ ఏ సంబంధమూ లేదు. లక్ష రూపాయల ఫోన్ అయినా కాంతిని తొందరపెట్టలేదు. కానీ తెర మీద గిరగిరా తిరిగే చక్రం కనిపించినప్పుడు చేతిలో ఉన్నది ఫోన్. ‘ఈ ఫోన్ బాగా స్లో’ అనేస్తారు. వస్తువు పనిచేయనప్పుడు మనిషి తప్పును ఎవరి మీద వేస్తాడన్నదాన్ని బట్టే అతని కోపం, ఫిర్యాదు, తిరిగి కొనాలన్న కోరిక మారతాయని వలెరీ ఫోక్స్ 1984లో చూపించారు. కారణం కంపెనీ చేతిలో ఉందనీ, మళ్లీ మళ్లీ జరుగుతుందనీ అనిపిస్తే కోపం కంపెనీ మీదికి మళ్లుతుంది. నెట్‌వర్క్ కనబడదు, ఫోన్ కనబడుతుంది. కాబట్టి కనబడేదానికి తిట్లు.

దీని తిరకాసు మరోవైపు నుంచీ ఉంటుంది. కేబుల్ వచ్చాక, 4జీ మెరుగయ్యాక అదే పాత ఫోన్ చురుగ్గా పనిచేయడం మొదలుపెడితే ఆ మంచిపేరు కూడా ఫోన్ ఖాతాలోకే చేరుతుంది. ఫోన్‌లో ఒక్క మరమేకు మారకుండానే దాని మార్కులు పెరుగుతాయన్నమాట. దీవుల్లో ఏదైనా కంపెనీ 2019లో ఒకసారి, 2022లో ఒకసారి సర్వే చేసి ‘మా కొత్త సాఫ్ట్‌వేర్ వల్ల సంతృప్తి పెరిగింది’ అని చెబితే, ఆ ఘనతలో సముద్రం అడుగున పడుకున్న తీగ వాటా ఎంతో ముందు అడగాలి.

ఆరని ఉప్పు

దీవుల్లో ఫోన్‌కు అసలు శత్రువు ఉప్పు. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. కుళాయి నీటితో పోలిస్తే అది విద్యుత్తును దాదాపు వంద రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది. అల విరిగినప్పుడు గాలిలోకి లేచే సన్నని తుంపరలు నీరు ఆవిరయ్యాక ఉప్పు రేణువులుగా మారి గాలితోపాటు తిరుగుతాయి. వాటికి ఫోన్ ఛార్జింగ్ రంధ్రం మంచి చోటు.

సాధారణ ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్‌కు ఒక గుణం ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది గాలిలోని నీటిని తనే పీల్చుకుని కరిగి ద్రావణంగా మారిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది ఇందుకే. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ ఆ గీతకు పైనే ఉంటుంది. అంటే ఛార్జింగ్ రంధ్రంలో పడ్డ చిటికెడు ఉప్పు ఆరదు. ఫోన్ నీళ్లలో పడకపోయినా లోపల ఒక సన్నని ఉప్పునీటి పొర ఉంటూనే ఉంటుంది.

ఇప్పుడు రాత్రికి ఛార్జర్ పెట్టారనుకోండి. యూఎస్‌బీ-సీ రంధ్రంలో 24 పిన్నులు అర మిల్లీమీటరు ఎడంలో వరసగా ఉంటాయి. కొన్నింటి మధ్య 5 వోల్టుల తేడా. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతపరంగా 1.23 వోల్టులు చాలు. పిన్నుల మీది బంగారు పూత పలుచన. ఆ పూతలో ఎక్కడ చిన్న గీత పడినా క్లోరైడ్ అయాన్లు కింది లోహాన్ని పట్టుకుంటాయి. కొన్నాళ్లకు ఆకుపచ్చటి పొడి కనిపిస్తుంది. ఛార్జర్ ఒక కోణంలో పెడితేనే ఎక్కుతుంది, కదిలిస్తే ఆగిపోతుంది. తర్వాత అదీ ఉండదు.

‘ఐపీ68 ఫోన్ కొన్నాను కదా’ అనే ధీమా ఇక్కడ సగమే పనికొస్తుంది. ఐపీ అంకెల్లో మొదటిది దుమ్ము నుంచి, రెండోది నీటి నుంచి రక్షణను చెబుతుంది. నీటి పరీక్ష జరిగేది ప్రయోగశాలలో, మంచినీటిలో. సముద్రపు నీటి గురించి ఆ అంకె ఏమీ హామీ ఇవ్వదు. ప్రకటనలు మాత్రం వేరేగా ఉండేవి. ఆస్ట్రేలియాలో శాంసంగ్ 2016-18 మధ్య తన గెలాక్సీ ఫోన్లను ఈత కొలనుల్లో, సముద్రంలో వాడవచ్చన్నట్టు ప్రకటనలిచ్చింది. తడిగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే రంధ్రం తుప్పు పట్టే అవకాశం ఉందని తేలింది. ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ వేసిన కేసులో 2022 జూన్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020 నవంబరులో ఐఫోన్ల నీటి నిరోధక ప్రకటనలపై యాపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది. నీటిని తట్టుకుంటుందని చాటుతూనే, నీటి వల్ల పాడైతే వారంటీ వర్తించదనడం అక్కడ ప్రధానమైన అభ్యంతరాల్లో ఒకటి.

ఆలివర్ సూత్రంతో చూస్తే ఈ ప్రకటనల అసలు ఫలితం తెలుస్తుంది. అవి అంచనాను పైకి లేపాయి. అంచనా ఎంత పైకి లేస్తే, తుప్పు పట్టిన రంధ్రం ముందు నిలబడ్డ మనిషి అంత ఎత్తు నుంచి కిందపడతాడు.

ఆచరణలో పనికొచ్చే మాట ఒకటి. తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఉప్పు పోదు. నీరు ఆరినా ఉప్పు అక్కడే ఉండి, మర్నాటి తేమకు మళ్లీ కరుగుతుంది. పైగా బియ్యపు నూక రంధ్రంలో చేరుతుంది. నీటి నిరోధక ఫోన్ మీద సముద్రపు నీరు పడితే మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాకే ఛార్జ్ చేయమని తయారీదారులే చెబుతున్నారు. ఇది ఐపీ రేటింగ్ ఉన్న ఫోన్లకు మాత్రమే. అది లేని ఫోన్‌ను కడిగితే కథ ముగిసినట్టే.

విమానం ఎక్కని బ్యాటరీ

వేడి, తేమ బ్యాటరీని కూడా వదలవు. లిథియం అయాన్ బ్యాటరీ లోపల జరిగే అవాంఛిత రసాయన చర్యలు ఉష్ణోగ్రతతోపాటు వేగం పుంజుకుంటాయి. పది డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపు అన్నది రసాయన శాస్త్రంలో ఉజ్జాయింపు లెక్క. ఎండలో పడవ మీద ఉన్న ఫోన్, పూర్తిగా ఛార్జ్ అయి వేడిగా ఉన్న ఫోన్ త్వరగా ముసలివవుతాయి. అప్పుడు కావలసింది కొత్త ఫోన్ కాదు, కొత్త బ్యాటరీ.

ఇక్కడే దీవులకు ఒక విచిత్రమైన చిక్కు. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. ఒక బ్యాటరీ అదుపు తప్పి వేడెక్కితే పక్కవాటికీ అంటుకుని, సరుకుల గదిలో ఆర్పలేని మంటగా మారుతుందన్న భయమే కారణం. అదే ఏడాది శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకుని, ఆ మోడల్‌నే నిలిపేయాల్సి రావడం చూశాక ఆ భయం అతిశయం అనిపించదు. కానీ నిబంధన విడి బ్యాటరీలకే. ఫోన్ లోపల బిగించి ఉన్న బ్యాటరీకి, తగిన ప్యాకింగ్‌తో అనుమతి ఉంది.

ఫలితం చూడండి. కొత్త ఫోన్ చెన్నై నుంచి విమానం ఎక్కి కొన్ని గంటల్లో దిగగలదు. పాత ఫోన్‌కు కావలసిన బ్యాటరీ మాత్రం సరుకు విమానమో, ఓడో వెతుక్కోవాలి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలో సుమారు మూడు రోజుల ప్రయాణం. ఓడ రోజూ ఉండదు. పోర్ట్ బ్లెయిర్ దాటి నికోబార్ వైపు వెళ్లాలంటే మళ్లీ మరో ఓడ, మళ్లీ వాతావరణం దయ. ఈలోగా ఫోన్ లేకుండా గడపలేని మనిషి ఏం చేస్తాడు? దుకాణంలో ఉన్నది కొంటాడు. భద్రత కోసం పెట్టిన నిబంధన తనకు తెలియకుండానే బాగుచేయించుకోవడం కన్నా కొత్తది కొనడాన్ని సులభం చేసింది. నిబంధన తప్పని కాదు. దాని బరువు దీవుల మీద ఎక్కువ పడుతుందన్నదే విషయం.

విధేయతా, గత్యంతరం లేకా?

దుకాణంలో ఉన్నది కొన్నప్పుడు అది పాత బ్రాండే అయితే సర్వేలో అతను మళ్లీ ‘విధేయుడు’. ఈ పొరపాటు ఎంత పెద్దదో చిన్న లెక్కతో తెలుస్తుంది.

ఒక నగరంలో పది బ్రాండ్లు, ఒక్కోదానికి 10 శాతం వాటా అనుకుందాం. ఎవరికీ ఏ బ్రాండ్ మీదా ప్రేమ లేదు, కళ్లు మూసుకుని కొంటారు. పాత బ్రాండే మళ్లీ చేతికి వచ్చే అవకాశం 10 శాతం. ఇప్పుడు ఒక దీవి. అక్కడ దొరికేవి మూడే బ్రాండ్లు, వాటాలు 50, 30, 20 శాతం. ఇక్కడా అందరూ కళ్లు మూసుకునే కొంటున్నారు. అదే బ్రాండ్ మళ్లీ వచ్చే అవకాశం: 0.5 × 0.5, 0.3 × 0.3, 0.2 × 0.2 కలిపితే 0.38. అంటే విధేయత అనేదే లేని దీవిలో, సర్వే మాత్రం 38 శాతం మంది విధేయులని తేలుస్తుంది. ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలే. కానీ ‘ఎంతమంది మళ్లీ మా ఫోనే కొన్నారు’ అన్న ప్రతి లెక్కలోనూ ఈ యాదృచ్ఛిక వాటా దాగి ఉంటుంది. దాన్ని తీసేశాక మిగిలిందే మాట్లాడుకోదగిన విధేయత.

వాటాల వర్గాల మొత్తం అర్థశాస్త్రంలో పాత పరికరమే. మార్కెట్ ఎంతమంది చేతుల్లో కేంద్రీకృతమైందో కొలిచే హెర్ఫిండాల్-హిర్ష్‌మన్ సూచీ అదే. అందులోని ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో విధేయత గురించి ఒక ప్రసిద్ధ పుస్తకం కూడా రాశారు. అసంతృప్తి చెందిన మనిషికి రెండు దారులని ఆయన అన్నారు: వదిలి వెళ్లిపోవడం, లేదా గొంతెత్తి అడగడం. విధేయత ఉన్నవాడు వెళ్లిపోకుండా గొంతెత్తుతాడు. ఆయనకు ఈ ఆలోచన వచ్చింది నైజీరియా రైల్వేలను గమనిస్తున్నప్పుడు.

దీవుల్లో ఈ రెండు దారులూ ఇరుకే. వెళ్లిపోదామంటే దుకాణంలో రకాలు తక్కువ. గొంతెత్తుదామంటే వినే కేంద్రం చాలాసార్లు సముద్రానికి అవతల. ఇక మిగిలేది మౌనంగా అదే కొనడం. అలన్ డిక్, కునాల్ బసు 1994లో ఇలాంటి దాన్ని ‘బూటకపు విధేయత’ కింద లెక్కగట్టారు: మనసులో ఇష్టం తక్కువ, కొనడం మాత్రం పదేపదే. దీనికి తిరగేసినది కూడా ఉంది. ఇష్టం నిండుగా ఉంటుంది, కానీ ఆ ఫోన్ ఊళ్లో దొరకదు, లేదా దొరికినా బాగుచేసేవాళ్లుండరు. కాబట్టి వేరేది కొంటారు. అమ్మకాల లెక్కలో ఆ ఇష్టం కనబడదు.

మారడానికి అయ్యే ఖర్చు కూడా ఇక్కడే చేరుతుంది. ఆ ఖర్చు డబ్బే కానక్కర్లేదు. ఐఫోన్‌లోని వాట్సాప్ సంభాషణలను ఆండ్రాయిడ్‌కు మార్చుకునే అధికారిక మార్గం 2021 వరకూ లేదు. ఊళ్లోని అమ్మతో ఏళ్ల తరబడి పంచుకున్న వాయిస్ సందేశాలు పోతాయంటే ఎవరు కంపెనీ మారతారు? భారతదేశంలో మొబైల్ నంబరు మార్చకుండా ఆపరేటర్‌ను మార్చుకునే సౌకర్యం 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటా వచ్చింది. అంతకు ముందు ఆపరేటర్లు తమ మీద అభిమానం అనుకున్నదాంట్లో ఎంతో కొంత జనానికి తమ పది అంకెల మీద ఉన్న అభిమానమే.

‘సంతృప్తిగా ఉన్నాను’ అన్న మాటకు బరువెంత అన్నది మరో ప్రశ్న. జిరాక్స్ కంపెనీ వినియోగదారులను పరిశీలించినప్పుడు తేలిన సంగతిని థామస్ జోన్స్, ఎర్ల్ సాసర్ 1995లో రాశారు. ‘పూర్తిగా సంతృప్తి’ అన్నవాళ్లు, కేవలం ‘సంతృప్తి’ అన్నవాళ్లకన్నా మళ్లీ కొనే అవకాశం ఆరు రెట్లు ఎక్కువ. ఐదుకు నాలుగు మార్కులు వచ్చాయని మురిసే కంపెనీకి ఇది చేదు మందు. అయితే ఈ సంబంధం పోటీ బాగా ఉన్న చోటే ఇంత పదునుగా ఉంటుందని కూడా వాళ్లే చెప్పారు. పోటీ లేని చోట అసంతృప్తి ఉన్నవాళ్లూ కదలరు, కదిలే వీలు దొరికిన రోజున ఒక్కసారిగా కదులుతారు.

ఎవరిని అడుగుతున్నారన్నదీ చూడాలి. సర్వే సాధారణంగా ప్రస్తుతం ఆ ఫోన్ వాడుతున్నవాళ్లను అడుగుతుంది. ఛార్జింగ్ రంధ్రం తుప్పు పట్టి, విసిగి, వేరేది కొనేసినవాళ్లు ఆ జాబితాలోనే ఉండరు. ఉన్నవాళ్లలోనూ డబ్బు పోసి కొన్నాక తన ఎంపిక సరైనదేనని తనకు తాను చెప్పుకునే స్వభావం ఉంటుంది. లియోన్ ఫెస్టింగర్ 1957లో వివరించిన అభిజ్ఞా వైరుధ్యం ఇదే. నెల జీతం పెట్టి కొన్న ఫోన్‌ను చెత్త అనడం తనను తాను తప్పుపట్టుకున్నట్టే ఉంటుంది మరి.

కొలిచే పద్ధతి మారితే

ఇంత తికమక ఉన్నప్పుడు, ‘మీరు సంతోషంగా ఉన్నారా’ అని మనిషిని అడగడంతో ఆగకుండా, ఫోన్‌ను కూడా అడగడం మేలనే ఆలోచన కొన్నేళ్లుగా బలపడుతోంది. ఎన్నాళ్లు పనిచేస్తుంది, విప్పడం ఎంత సులభం, విడిభాగం ఎన్ని రోజుల్లో వస్తుంది? ఇవి కొలవదగిన అంకెలు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ముఖ్యమైన విడిభాగాలు ఆ మోడల్ అమ్మకాలు ఆగాక మరో 7 ఏళ్లు దొరకాలి, అదీ 5 నుంచి 10 పనిదినాల్లో. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు కనీసం 5 ఏళ్లు రావాలి.

భారతదేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. మొబైల్ ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచీ ఎలా ఉండాలో చెప్పే కమిటీ నివేదిక 2025 మేలో ఆ శాఖకు అందింది. విప్పే సౌలభ్యం, మరమ్మతు సమాచారం, పనిముట్లు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లతోపాటు విడిభాగాలు సకాలంలో దొరకడం కూడా అందులో ఒక కొలమానం.

దీవుల వినియోగదారుకు అన్నింటికన్నా ముఖ్యమైనది ఆ చివరిదే. చెన్నై గోదాములో బ్యాటరీ ఉంటే అది ‘అందుబాటులో ఉంది’ కిందికి వస్తుందా, లేక చేతికి అందిన రోజునే లెక్కపెడతారా? చెన్నైలో, విశాఖలో రెండు రోజుల్లో వచ్చే విడిభాగం 744తో మొదలయ్యే పిన్‌కోడ్‌లకు ఎన్ని రోజుల్లో వస్తుందో విడిగా కొలిచి ఫోన్ పెట్టె మీద ముద్రిస్తే, జంగ్లీఘాట్ దుకాణంలో నిలబడ్డ మనిషికి కెమెరా మెగాపిక్సెళ్లకన్నా ముందు చదవాల్సిన అంకె అదే అవుతుంది.